గొలుసోడి గొంతు

మేం తయారుచేసిన వీడియో ఆటలో వినిపించే మొదటి చప్పుడు చెరుకు గడ విరిగేది. బోధన్ పక్కన మా ఊళ్లో మా బాపు గట్టు మీద కూర్చుని గడలను మోకాలికేసి ఒక్కొక్కటే విరుస్తుంటే, నేను ఫోన్ దగ్గరగా పెట్టి రికార్డు చేశాను. ఆ చప్పుడును కొంచెం నెమ్మది చేసి, దాని కింద తడి బట్టను బండకేసి బాదిన చప్పుడు కలిపితే అచ్చం చెయ్యి విరిగినట్టే ఉంటుందని నా స్నేహితురాలు చెప్పింది. మా గొలుసోడు మనుషుల చేతులు విరుస్తాడు. అందుకని మాకు అలాంటి చప్పుళ్లు చాలా కావాల్సి వచ్చాయి.

బాపు కాసేపు విరిచి ఆగాడు.

"గివన్నీ ఏం జేసుకుంటవ్ బిడ్డా?"

"ఆటల ఎముక ఇరిగినప్పుడు పెడ్తం బాపూ."

ఆయన చేతిలోని ముక్కను కొరికి, రసం మింగి, పిప్పి ఊశాడు. "ఎముక గింత జోరుగ మోగదు. అది లోపల్నే అయిపోతది. మోగేది మనిషి."

నేను ఫోన్ ఆపలేదు కాబట్టి ఆ మాట కూడా రికార్డయింది. మరునాడు నిజామాబాద్‌లో మా గదిలో స్నేహితురాలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గడల చప్పుళ్లు ఏరుతూ ఏరుతూ ఆ మాట దగ్గరికి వచ్చి ఉలిక్కిపడింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది.

"ఎవరిదే ఈ గొంతు?"

"మా బాపుది."

"ఇన్ని రోజులు మనం గొంతు కోసం ఎవరెవరినో అడుక్కుంటున్నం. గొలుసోడు మీ ఇంట్లనే ఉన్నడు కదనే!"

ఆమె నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

గొలుసోడు ఎవరో చెప్పాలి. నా చిన్నప్పుడు ఒక పిల్లల మాసపత్రికలో బొమ్మల కథ వచ్చేది. అందులో తెల్ల గుర్రం మీద తిరిగే వీరుడొకడు, వాడికి ఎదురు నిలిచే దుర్మార్గుడొకడు. ఆ దుర్మార్గుడు ఒకప్పుడు నది మీది వంతెనకు కాపలాదారు. చేయని తప్పుకు ఊరివాళ్లు కొట్టి తరిమేస్తే, వంతెన గేటుకున్న గొలుసు పెరుక్కుని పోయి, దానితోనే జనాన్ని బాదడం మొదలుపెడతాడు. కథలో వాడికి పెద్ద పేరే ఉంది. నేను మాత్రం గొలుసోడు అనే అనేదాన్ని. ప్రతి నెలా చివరి పేజీలో వీరుడు వాడిని వంతెన మీంచి నదిలోకి తోసేసేవాడు. మరుసటి నెల వాడు తడి జుట్టుతో మళ్లీ లేచి వచ్చేవాడు. నదిలో పడ్డాక మళ్లీ లేచేదాకా వాడికి ఏమైందో ఎవరూ రాయలేదు. నాకు అదే కావాలనిపించేది.

పత్రిక ఎప్పుడో ఆగిపోయింది. నేను పెద్దదాన్నయి నిజామాబాద్‌లో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనర్‌గా చేరాను. పొద్దంతా లీడర్ల మొహాలకు తెలుపు పూయడం, చనిపోయినవాళ్ల ఫొటోల వెనక మబ్బులు పెట్టడం నా పని. స్నేహితురాలు మహారాష్ట్ర సరిహద్దు ఊరి నుంచి వచ్చింది, ఇంట్లో మరాఠీ, బయట తెలుగు. కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. నా పెట్టెలో అడుగున ఉన్న పాత పత్రికలు ఒక ఆదివారం ఆమె కంటపడ్డాయి. ఆమె కూడా చిన్నప్పుడు ఆ కథ మరాఠీలో చదివిందట. ఆమెకూ వీరుడి మొహం గుర్తులేదు. గొలుసోడి మొహమే గుర్తుంది.

అలా మొదలైంది మా ఆట. ఎవరి అనుమతీ లేదు, ఎవరికీ అమ్మేది కాదు. అభిమానులు అభిమానంతో చేసుకునే పని. పైనుంచి చూస్తున్నట్టు కనిపించే ఊళ్లు, వాటిలో వేలెడంత మనుషులు. ఆడేవాళ్లు గొలుసోడై ఊరూరా నడుస్తారు, మనుషులతో మాట్లాడతారు, ఎదురుతిరిగినవాళ్లతో కొట్లాడతారు, గెలిచినకొద్దీ బలం పెరుగుతుంది. బొమ్మలు, కథ నావి. లోపలి మెదడంతా ఆమెది.

నెత్తురు విషయంలో మేమిద్దరం ఏమాత్రం మొహమాటపడలేదు. గొలుసు తగిలిన చోట దవడ ఎలా పక్కకు పోవాలో నేను అద్దంలో నా దవడనే చేత్తో నెట్టుకుని చూసి గీశాను. మార్కెట్ సీన్‌లో పసుపు కుప్పల మీద నెత్తురు పడితే ఆ రంగు ఎలా మారుతుందని ఆమె అడిగింది. నేను పసుపులో ఎర్ర రంగు కలిపి తెల్ల కాగితం మీద పోసి చూపించాను. సంత మొత్తం తగలబెట్టే సీన్ పూర్తయిన రోజు ఇద్దరం బిర్యానీ తెచ్చుకుని తిన్నాం. పొద్దంతా ఎవరెవరికో దండం పెట్టి నవ్వే మొహాలు తీర్చిదిద్దిన నాకు, సాయంత్రం అవే వేళ్లతో మొహాలు పగలగొడుతుంటే ఒళ్లు తేలికయ్యేది. అది దాచుకోవాల్సిన సంగతని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు.

ఇక మా బాపు. ఆయన పొట్టి మనిషి. మెడ దాదాపు లేదు. గొంతు ఎప్పుడూ పెంచడు. నేను పుట్టకముందు నుంచీ ఒక బెల్లం గానుగ సేటు దగ్గర ఉండేవాడు. సేటుకు ఇస్తానని ఒప్పుకున్న చెరుకు వేరే గానుగకు పోకుండా చూడటం ఆయన పని. చూడటమంటే దారి కాయడం, బండి ఆపడం, కొట్టడం. ఊళ్లో ఆయన ఎదురైతే పెద్దవాళ్లు కూడా పక్కకు జరిగేవారు. ఆదివారం మాత్రం తెల్ల బట్టలు కట్టుకుని చర్చికి వచ్చి చివరి వరుసలో కూర్చునేవాడు. ప్రార్థనలో అందరికంటే ముందు తల వంచేది ఆయనే. తర్వాత చెరుకు తోటలు చాలావరకు వరి మళ్లయ్యాయి. సేటు గానుగ ఎత్తేశాడు. బాపు ఒక రైస్ మిల్లు గేటు దగ్గర పగటి వాచ్‌మన్‌గా కుదిరాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా ఒకసారి చెప్పులు కొనిస్తానని నన్ను మోపెడ్ మీద బోధన్ తీసుకుపోయాడు. కాలువ కట్ట మీద ఒక ట్రాక్టర్ చెరుకు వేసుకుని అటు సరిహద్దు వైపు పోతోంది. బాపు దాన్ని దాటి అడ్డంగా ఆపి స్టాండ్ వేశాడు. "దిగకు" అన్నాడు నాతో. సీటు కింద నుంచి ఇనుప రాడ్డు తీశాడు. డ్రైవర్ దిగి వచ్చాడు. నల్లగా సన్నగా ఉన్నాడు, మెడలో తువ్వాల. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. నాకు బాపు వీపే కనిపిస్తోంది. తర్వాత రాడ్డు లేచింది. మోచేతి మీద ఒక దెబ్బ. డ్రైవర్ పడిపోకుండా ట్రాలీ అంచు పట్టుకున్నాడు. ఆ పట్టుకున్న వేళ్ల మీద రెండో దెబ్బ. అతను మోకాళ్ల మీద కూలబడి లేగదూడలా ఒక అరుపు అరిచాడు. చేలోని కొంగలు లేచిపోయాయి. బాపు వంగి, అతనికి మాత్రమే వినిపించేలా ఏదో అన్నాడు. తర్వాత కాలువలోకి దిగి చేతులు కడుక్కున్నాడు, వాటికి నెత్తురేమీ అంటలేదు.

బోధన్‌లో చెప్పులు కొన్నాడు. బస్టాండు దగ్గర నేను అడగకుండానే పిల్లల పత్రిక కూడా కొనిచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఆయన వీపుకు ఆనుకుని గొలుసోడి కథ చదివాను. ఆ రోజు నాకు భయం వేయలేదు. మా బాపును ఈ లోకంలో ఎవరూ ఏమీ చేయలేరనిపించింది.

గొంతు ఇవ్వమని అడిగితే బాపు వెంటనే ఒప్పుకున్నాడు. అవ్వకు, అంటే మా అమ్మకు, నచ్చలేదు. "గంజల ఈగ పడ్డట్టు, ఉన్నదాంట్ల గిదొకటా" అని గొణిగింది. ఆయన సెలవు పెట్టుకుని నిజామాబాద్ వచ్చాడు. బయటి ఆటోల చప్పుడు వినిపించకుండా గది గోడలకు బొంతలు కట్టాం. మధ్యలో స్టూల్ వేసి కూర్చోబెట్టాం. కాగితం మీద నేను రాసిన మాటలు ఇచ్చాను.

ఆయన చదివి పక్కన పెట్టాడు. "గింత లంబా మాట్లాడుకుంట ఎవడు కొడ్తడే?"

"ఆట కద కాకా, జెర డైలాగ్ ఉండాలె," అంది స్నేహితురాలు.

అయినా ఆయన నేను రాసిన పెద్ద పెద్ద బెదిరింపులన్నీ వదిలేశాడు. "ఎటు?" "ఆగు." "ఎవర్ని అడిగినవ్?" ఇవే. విన్నకొద్దీ మా ఇద్దరి చేతుల మీదా వెంట్రుకలు లేచాయి. ఆయన మాత్రం హాయిగా ఉన్నాడు. గానుగ పోయాక ఆయన్ని అంత హుషారుగా నేను చూడలేదు. మధ్యమధ్య టీ అడిగి తాగాడు.

ఒక సీన్‌లో గొలుసోడు మంట దగ్గర కూర్చుని తన పాత కొట్లాట ఒకటి చెప్పుకుంటాడు. అక్కడికి నేనేమీ సరిగ్గా రాయలేకపోయాను. "నువ్వే ఏదన్న చెప్పు బాపూ" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి మొదలుపెట్టాడు.

"కాలువ మూడో తూము కాడ ఆపిన. చెరుకు బండి. వాడు దిగిండు. మొదలు మోచెయ్యి కొట్టాలె. మోచెయ్యి కొడితే మనిషి ఏదో ఒకటి పట్టుకుంటడు, పడొద్దని. ఏం పట్టుకుంటడో సూడాలె. పట్టుకున్న చెయ్యి యాడికి పోదు. గప్పుడు ఏళ్ల మీద కొట్టాలె. ఇగ వాడు బండి నడ్పడు. 'చెయ్యి తియ్, లేకుంటే రెండోది గూడ పోతది' అన్న. తీసిండు."

నాట్లు ఎలా వేయాలో చెప్పినట్టు చెప్పాడు. గొంతులో గొప్పా లేదు, బాధా లేదు. స్నేహితురాలు రికార్డింగ్ ఆపి నా వైపు చూసింది. ఆ రోజు బాపు వంగి అతనితో ఏమన్నాడో నాకు అప్పుడు తెలిసింది.

"ఆయన ఉన్నడా బాపూ ఇప్పుడు?"

"వర్ని దిక్కు ఉంటడు. కిరాణం పెట్టుకున్నడంట."

"ఇది ఆటల పెట్టొచ్చా?"

"పెట్టు. ఏమైతది?"

పెట్టాం. ఆటలో ట్రాక్టర్ లేదు, ఎడ్లబండి ఉంది. కానీ గొంతు ఆయనదే, మాటలు ఆయనవే, మూడో తూమూ అలాగే ఉంది. ఆట నెట్‌లో పెట్టాక మొదట స్నేహితురాలి కంప్యూటర్ సెంటర్ పిల్లలు ఆడారు. తర్వాత బోధన్, వర్ని, బాన్సువాడ దాకా పోయింది. ఆట మొత్తం ఆడనివాళ్లు కూడా ఆ మంట దగ్గరి ముక్కను ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు. "ఎవర్ని అడిగినవ్?" అనేది కాలేజీ పిల్లల ఊతపదమైంది. మిల్లుకు వచ్చిన కుర్రాళ్లు బాపుతో ఆ మాట అనిపించుకుని ఫోన్లలో పట్టుకుపోయేవారు. ఆయన అందరికీ అనేవాడు.

ఒక ఆదివారం నేను, స్నేహితురాలు ఊరికి వచ్చాం. ఆరాధన అయ్యాక అందరం ఇంటికి చేరాం. అవ్వ వంటింట్లో కోడికూర చేస్తోంది. బాపు తెల్ల చొక్కా విప్పి, బనీను లుంగీతో వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. రెండు మోటార్ సైకిళ్లు వచ్చి గేటు ముందు ఆగాయి. ఇద్దరు కుర్రాళ్లు దిగారు, ముప్ఫై లోపు వాళ్లే. పెద్దవాడి చేతిలో బోరు పైపు ముక్క. వాళ్ల వెనక నల్లగా సన్నగా ఒక ముసలాయన. కుడి చేతి వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నాకు ఆ వేళ్లు చూడగానే ఎవరో తెలిసింది.

"గొలుసోడు ఏడున్నడు?" అన్నాడు పెద్ద కొడుకు.

బాపు లేవబోయాడు. లేచేలోపే పైపు నెత్తి మీద పడింది. చర్మం చీలి, నెత్తురు కనుబొమ్మ మీదుగా కారి కన్ను మూసేసింది. రెండో దెబ్బ పక్కటెముకల మీద. ఆయన మంచం మీంచి దొర్లి బోర్లా పడ్డాడు. చిన్నవాడు కాలితో నడుము మీద తంతున్నాడు. నేను వెళ్లి పెద్దవాడి చెయ్యి పట్టుకుని వేలాడాను. వాడు చూడకుండానే మోచెయ్యి వెనక్కి విసిరాడు. నోట్లో ఏదో గులకరాయిలా తిరిగింది. ఊసి చూస్తే నా పన్ను. స్నేహితురాలు గేటు పట్టుకుని "సోడా! సోడా త్యాలా!" అని మరాఠీలో అరుస్తోంది, విడిచిపెట్టమని. పక్కిళ్ల వాళ్లు గోడల మీంచి తలలు పెట్టి చూస్తున్నారు. ఎవరూ దిగలేదు. మా బాపు కోసం ఆ ఊళ్లో ఎవరు దిగుతారు?

మూడోసారి పైపు దిగినప్పుడు బాపు దాన్ని పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడో నేను చూడలేదు. చూసేసరికి పెద్దవాడు కింద, బాపు పైన ఉన్నాడు. ఒక మోకాలు వాడి ఛాతీ మీద, రెండు బొటనవేళ్లు గొంతు గుంటలో. బాపు కన్ను ఒకటి నెత్తురుతో మూసుకుపోయి ఉంది, రెండోది చాలా ప్రశాంతంగా ఉంది. చిన్నవాడు వీపు మీద పిడికిళ్లతో గుద్దుతున్నాడు, బాపుకు అవి తగులుతున్నట్టే లేవు. కింద ఉన్నవాడి మొహం ముందు ఎర్రగా, తర్వాత నేరేడు పండు రంగులోకి తిరిగింది. మడమలు నేలను కొట్టుకుంటున్నాయి.

"సంపుతున్నడు! నా కొడుకును సంపుతున్నడు!" అని గేటు దగ్గర ఆ డ్రైవర్ ఒంటి చేత్తో నోరు కొట్టుకుంటున్నాడు.

అవ్వ వంటింట్లోంచి రోకలి పట్టుకుని వచ్చింది. నేను చిన్నవాడిని కొట్టడానికి వస్తోందనుకున్నాను. వాడూ అదే అనుకుని పక్కకు దూకాడు. అవ్వ నేరుగా బాపు వెనకకు పోయి, "ఇడువు!" అంది. ఆయన విడవలేదు. "ఇడుస్తవా లేదా!" అని రోకలి రెండు చేతులా ఎత్తి ఆయన భుజం మీద కొట్టింది. ఆయన ఊగాడు, విడవలేదు. మళ్లీ అక్కడే కొట్టింది. ఈసారి చెయ్యి ఊడిపోయినట్టు జారింది. ఆయన పక్కకు ఒరిగిపోయి, నలభై ఏళ్లుగా తన పక్కన పడుకున్న మనిషి ఎవరో తెలియనట్టు అవ్వను చూశాడు. కింద ఉన్నవాడు ఊపిరి అందుకుని దగ్గుతూ, కక్కుతూ పక్కకు పాకాడు.

అందరినీ ఒకే ట్రాలీ ఆటోలో బోధన్ తీసుకుపోయాం. పెద్దాసుపత్రిలో బాపును, ఆ అబ్బాయిని పక్కపక్క మంచాల మీద వేశారు. బాపుకు భుజం ఎముక విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. ఆ అబ్బాయికి గొంతు వాచిపోయి మాట రావడం లేదు. కానిస్టేబుల్ వచ్చి ఏమైందని అడిగాడు.

"మెట్ల మీంచి పడ్డడు," అంది అవ్వ. మా ఇంటికి మెట్లు లేవు.

కానిస్టేబుల్ డ్రైవర్ వైపు తిరిగాడు. ఆయన అవ్వను ఒకసారి చూసి, "మావోడు గూడ గంతే సార్," అన్నాడు.

నాకు చిగురుకు దూది పెట్టారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. డ్రైవర్ వచ్చి అదే బెంచీ చివర కూర్చున్నాడు. కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్లో పెట్టుకున్నాడు, పసిపిల్లను పెట్టుకున్నట్టు.

"నువ్వేనా ఆట జేసింది?"

"నేనే కాకా."

"నా పిల్లలకు తెల్వదు. ట్రాలీ కింద పడి చెయ్యి పోయిందని చెప్పిన. ఇన్నేండ్లు గదే చెప్పుకున్న. మొన్న మా చిన్నోడు అన్నం తినుకుంట ఫోన్ల పెట్టిండు. ఇన్నంక నా చేతిల ముద్ద ఆగలే. వాళ్లు అడిగిండ్రు. ఇగ ఏం దాస్త?"

నేను నోట్లోని దూదిని సరిచేసుకున్నాను.

"వాడు చెప్పింది పెట్టినవ్. చాబీ సంగతి ఎందుకు పెట్టలే?"

"ఏం చాబీ?"

ఆయన నా మొహం పరీక్షగా చూశాడు. "చెప్పలేదా? బండి దిగంగనే నేను ట్రాక్టర్ చాబీ ఇచ్చేసిన. 'తప్పయింది అన్నా, బండి నువ్వే తీస్కపో' అన్న. చాబీ తీస్కొని జేబుల ఏస్కున్నడు. ఏస్కున్నంకనే కొట్టిండు. నువ్వు మోపెడ్ మీదనే ఉన్నవ్ గద, సూడలేదా?"

నాకు బాపు వీపు, లేచిన రాడ్డు, కొంగలు గుర్తున్నాయి. ఎంత ఆలోచించినా తాళం చెవి గుర్తు రాలేదు.

లోపలికి పోయాను. బాపు కళ్లు తెరిచే ఉన్నాడు. పక్క మంచం మీది అబ్బాయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"బాపూ, ఆయన చాబీ ఇచ్చిండా?"

ఆయన పక్క మంచం వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "ఇచ్చిండు" అన్నాడు.

"మరి ఎందుకు కొట్టినవ్?"

"నువ్వు సూస్తుంటివి."

నాకు అర్థం కాలేదనుకున్నాడేమో, మళ్లీ చెప్పాడు. "మోపెడ్ మీద నువ్వు కూసొని సూస్తుంటివి గద బిడ్డా. ఊకె చాబీ తీస్కొని వస్తే మీ బాపు ఏం మొగోడనుకుంటవ్?"

వాకిట్లో పన్ను ఊడినప్పుడు నాకు ఏడుపు రాలేదు. అప్పుడు వచ్చింది. ఆయనకు నా ఏడుపు ఎందుకో తెలియక, మంచిగున్న చేత్తో నా తల నిమిరాడు.

నిజామాబాద్ వచ్చి ఆ సీన్ తీసేద్దామన్నాను. స్నేహితురాలు ఒప్పుకోలేదు. ఆటలో ప్రాణమున్న ముక్క అదొక్కటే అంది. "చాబీ సంగతి కూడా పెట్టు, అప్పుడు ఇంకా గొప్పగా ఉంటది" అంది. గొప్ప అనే మాట వినగానే నాకు ఒళ్లు మండింది. చేతిలో ఉన్న స్టీలు గ్లాసు విసిరాను. అది ఆమె చెవి పక్క నుంచి పోయి గోడకు కొట్టుకుంది. ఇద్దరం దాని వైపు చూశాం. ఆమె ఆ రోజే బ్యాగు సర్దుకుని ఊరికి పోయింది. చాలా రోజుల తర్వాత తిరిగొచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని ఆ సీన్ తానే తీసేసింది. దాంతోపాటు బాపు గొంతు మొత్తం తీసేయమన్నాను. తీసేసింది. ఫోన్లలో అప్పటికే తిరుగుతున్నది మాత్రం మా చేతిలో లేదు.

బాపుకు ఈ సంగతి మిల్లు కుర్రాళ్ల ద్వారా తెలిసింది. ఆ చెరుకు కాలమంతా నాతో మాట్లాడలేదు. రోకలితో కొట్టిన అవ్వతో మాట్లాడేవాడు, నాతో కాదు. భుజం వంకరగా అతుక్కుంది.

గొలుసోడికి మళ్లీ గొంతు కావాలి. ఎవరెవరితోనో చదివించాం. అందరూ అరిచారు. చివరికి స్నేహితురాలు, "నువ్వే చెప్పరాదే" అంది. బొంతల మధ్య అదే స్టూల్ మీద కూర్చున్నాను. పన్ను పోయిన సందులోంచి గాలి వస్తోంది. "ఎటు? ఆగు. ఎవర్ని అడిగినవ్?" అన్నాను. గొంతు పెంచలేదు. ఆమె హెడ్‌ఫోన్స్ తీసి నన్ను చూసి, మళ్లీ పెట్టుకుని, పని మొదలుపెట్టింది.

కొత్త ఆట సిద్ధమయ్యాక వర్ని పోయాను. ఆ కిరాణా కొట్టు కాలువ రోడ్డు మీదే ఉంది. పెద్ద కొడుకు నన్ను చూసి లోపలికి పోయాడు. డ్రైవర్ మాత్రం కుర్చీ జరిపాడు. ఆ సీన్ లేదని చూపించడానికి ఫోన్ ఇచ్చాను. ఆయన ఎడమ బొటనవేలితో గొలుసోడిని నడిపించుకుంటూ, ఊళ్లు దాటుకుంటూ మంట దగ్గరికి వచ్చాడు. మంట ఉంది, గొలుసోడు ఉన్నాడు, మాట లేదు. ఆయన తలాడించి ఇంకొంచెం ముందుకు పోయాడు. సంతలో ఒకడు అడ్డం వచ్చాడు. "ఎవర్ని అడిగినవ్?" అంది ఫోన్.

ఆయన వేలు ఆగిపోయింది.

"గీ గొంతు ఎవ్వరిది?"

"నాదే కాకా."

ఆయన ఫోన్ నా చేతికి ఇచ్చేశాడు. దుకాణం ముందు నుంచి ఒక ట్రాక్టర్ వరి బస్తాలతో పోతే, అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"మీ బాపు పోలికే," అన్నాడు. తర్వాత లోపలికి చూసి, టీ పంపమని కేకేశాడు.